మొదటిరోజు నన్నడగొద్దండీ

ఇటు వచ్చి కూర్చో బిడ్డా. ఆ ఫోను పక్కన పెట్టి పెన్ను తీసుకో. సగం చెవితో వినేటట్టయితే నేను చెప్పను. నువ్వు చదువుకున్న భాషలోనే రాసుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ మనుషులన్న మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే పెట్టు. వాటిని సాపు చేశావంటే అవి వాళ్ళ మాటలు కావు.

నాతో పనిచేసిన సిస్టర్ పొద్దున ఫోన్ చేసింది, చూశావు కదా. మా పాత డాక్టరమ్మ పోయిందట. నాకూ ఏడుపొచ్చింది, కాదనను. వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆ సిస్టర్ ముక్కు చీదుకుంటూ, "అసొంటి మనిషి మళ్ళ పుట్టదక్కా" అన్నది. నలభై ఏళ్ళుగా ఈ మాటే వింటున్నాను. పోయిన రోజు కూడా వినాలా?

ఆమె పేరు రాయకు. ఆ పేరు పెట్టుకున్న ఆడపిల్లలు ములకలపల్లి నుంచి పినపాక దాకా ఇప్పటికే ఊరికొకరున్నారు. నువ్వు రాసింది చదివి ఇంకొకరు పెట్టుకుంటారు. నేనూ అదే దవాఖానాలో జీవితమంతా చేశాను. నా పేరు ఎవరైనా పిల్లకు పెట్టారా? ఒకాయన పెడతానన్నాడు, తీరా చూస్తే కొడుకు పుట్టాడు.

మాది అడవి మొదలయ్యే చోట ఉన్న మిషన్ దవాఖానా. పెంకుల వార్డులు, పెద్ద వరండా, ఒక జీపు. నేను ఆడవాళ్ళ వార్డులో స్టాఫ్ నర్సును. మీ తాత ల్యాబ్‌లో చేసేవాడు. ఆమె గోదావరి కింది జిల్లాల నుంచి వచ్చింది. వచ్చిన రోజునుంచే అందరినీ "అండీ" అనడం మొదలుపెట్టింది. చిన్నపిల్లల్నీ అండీ, గేటు దగ్గర పడుకునే కుక్కనూ "లేవండీ, దారివ్వండీ". మా వార్డు వాళ్ళంతా పడీపడీ నవ్వేవాళ్ళు. నెల తిరక్కముందే ఆ నవ్వినవాళ్ళే "అండీ" అనడం నేర్చుకున్నారు.

ఇస్త్రీ లేని నూలు చీర కట్టేది. చేతికి మగవాళ్ళ గడియారం. టీ సాసర్లో పోసుకుని నిలబడే తాగేది. నేనేమో గంజి పెట్టిన యూనిఫారం, తల మీద టోపీ, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా పిన్నులు. అయినా రోగులకు ఆమె మహాలక్ష్మి, నేను "ఆ కోపం సిస్టర్".

ఆమె నాడి చూడటం ఒక వింత. రోగి మణికట్టు పట్టుకునేది కానీ కళ్ళు మణికట్టు మీద ఉండవు, కడుపు మీదా రొమ్ము మీదా ఉంటాయి. అది ఊపిరి లెక్కపెట్టడం. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనుషులు ఊపిరి మార్చేస్తారు, అందుకని నాడి చూస్తున్నట్టు నటించేది. లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదిలేవి. మా క్రైస్తవులంతా ఆమె ప్రార్థన చేస్తుందనుకున్నారు. మిగతావాళ్ళు మంత్రం వేస్తుందనుకున్నారు. రెండువైపులా ఆమెకే లాభం. నేనూ ఒకరోజు పెదాలు కదిలిస్తూ ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను జాలిగా చూసి, "ఏంది సిస్టరమ్మా, దూప అయితుందా? గా చెంబుల నీళ్ళున్నయ్ తాగు" అన్నది.

నవ్వకు. రాయి.

ఆమెకు పట్టు దొరికిన జబ్బు ఒకటుండేది. కడుపులో వెనకవైపు క్లోమం ఉంటుంది, పాంక్రియాస్ అంటారు. అది ఉన్నట్టుండి వాస్తుంది. సారా తాగేవాళ్ళకు వస్తుంది, పిత్తాశయంలో రాళ్ళున్న ఆడవాళ్ళకు వస్తుంది. బొడ్డు పైన మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతుంది. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ పెట్టి పడుకోబెడితే చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం తగ్గదు. కిడ్నీల మీద పడుతుంది, ఊపిరి మీద పడుతుంది, మనిషి చేతుల్లోంచి జారిపోతాడు. చిక్కంతా ఏమిటంటే మొదటిరోజు ఇద్దరూ ఒకలాగే మెలికలు తిరుగుతారు. ఎవరు ఏ దారి పడతారో ముందే తెలిస్తే వరంగల్ పెద్దాసుపత్రికి పంపొచ్చు. పూర్తిగా తెలిసేదాకా ఆగితే పంపినా లాభం ఉండదు.

దానికి అమైలేజ్ అని రక్తపరీక్ష ఉంది. మీ తాత చేసేవాడు. అది పెరిగితే జబ్బు ఇదేనని తెలుస్తుంది. ఎంత పెరిగిందో చూసి జబ్బు ఎంత పెద్దదో చెప్పలేం. ఈ రెండోమాట ఆమె ఎంత చెప్పినా మా ఎవరికీ ఎక్కలేదు. అంకె పెద్దగా ఉంటే అమ్మో అనేవాళ్ళం. గట్టిగా అరిచేవాడికి జబ్బు ఎక్కువనుకునేవాళ్ళం. ఆమె అంకెను ఒకసారి చూసి వదిలేసేది. ఆ తర్వాత నాలుక తడిగా ఉందా, ఊపిరి ఎంత జోరుగా ఆడుతుంది, మంచం కింద గిన్నెలో మూత్రం ఎంత పడింది, ఇవే చూసేది. రక్తం చిక్కబడుతుందా అని మళ్ళీ మళ్ళీ అడిగేది. సెలైన్ అంత ఎక్కిస్తున్నా రక్తం చిక్కబడుతుందంటే నీళ్ళు నరాల్లో నిలవకుండా లోపలెక్కడో కారిపోతున్నట్టట.

ఆ రక్తం తిప్పేది ఎవరనుకున్నావు? మీ తాతే. సన్నటి గొట్టంలో రక్తం పోసి గిరగిరా తిప్పితే ఎర్రది అడుక్కు దిగి ఎంత చిక్కనో తెలుస్తుంది; కరెంటు లేకపోతే చేత్తో తిప్పే మిషను ఉండేది. ఆమె తలుపు దగ్గర నిలబడి, "ఇంకొక్కసారి తిప్పండి, ఏమీ అనుకోకండి" అనేది. ఈయన చెమటలు కారుతున్నా నవ్వుతూ తిప్పేవాడు. ఇంటికొచ్చాక అడిగాను.

"పచ్చడికి రోట్లె నాలుగు దెబ్బలెయ్యమంటే బుజం గుంజుతుందంటవ్. ఆమె కోసం పొద్దంత తిప్పుతవా?"

"అది రక్తమే. పచ్చడి కాదు."

"అయితే రేపు అన్నంల గదే కలుపుకో."

ఒక వారం మా ఇంట్లో పచ్చడి చెయ్యలేదు. మీ తాత అడగనూ లేదు.

ఆమె ఎప్పుడూ తప్పు చెప్పలేదనుకోకు. వచ్చిన మొదట్లో ములకలపల్లి నుంచి ఒక ఆడమనిషిని తెచ్చారు. కిరాణా కొట్టు వాళ్ళు. నా వార్డే. నొప్పి ఉన్నా ఆమె నాతో నవ్వుతూ మాట్లాడుతుంది. డాక్టరమ్మ చూసి, వాళ్ళాయనతో, "పర్లేదండీ, తగ్గిపోతుంది, కంగారుపడకండి" అన్నది. తగ్గలేదు. రెండురోజులు తిరిగేసరికి ఆ మనిషి లేదు. డాక్టరమ్మ వరండా మెట్ల మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఆ కిరాణాకొట్టాయన, భార్య పోయిన మనిషి, వచ్చి ఈమె పక్కన కూర్చుని, "నువ్వేం జేస్తవమ్మా, నువ్వు ఊకో" అని ఓదార్చాడు! నేను ఒక సూది ఆలస్యంగా వేస్తే మా తాతముత్తాతల దాకా ఎత్తి తిడతారు. ఆమె తప్పు చెప్తే ఓదారుస్తారు. ఇదెక్కడి న్యాయమో నువ్వే చెప్పు.

అప్పటినుంచి ఆమెకు ఒకటే మాట. ఎవరొచ్చి అడిగినా, చేతులు పట్టుకున్నా, కాళ్ళ మీద పడ్డా అదే. "మొదటిరోజు నన్నడగొద్దండీ. రేపు చూసి, ఎల్లుండి చెప్తాను." మీ తాత ఇంట్లో కూడా ఆమెను అనుకరించేవాడు. కూర ఎట్లుంది అంటే, "మొదటిరోజు నన్నడగొద్దండీ" అనేవాడు.

ఇక మా తమ్ముడి సంగతి. బొగ్గుబాయిలో పనిచేసేవాడు, అప్పటికింకా పెళ్ళి కాలేదు. వానాకాలంలో ఒకరోజు దోస్తులతో కలిసి సారా పట్టించాడు. మర్నాడు పొద్దున ఆ దోస్తులే మోసుకొచ్చి మా దవాఖానాలో పడేశారు. వాడు చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగితే పక్కవాడకు వినిపించేటట్టు అరిచేవాడు. ఇప్పుడు కడుపు. ఎంత అరిచాడో ఆలోచించుకో. "అక్కా, నేను సచ్చిపోతున్ననే! కోసెయ్యిన్రే నన్ను!" మీ తాత పరీక్ష చేసి అమైలేజ్ అంకె చెప్పకుండా నా మొహం చూశాడు. అంత పెద్ద అంకె.

వాడి పక్క మంచంలో పినపాక అవతలి అడవిపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన. అదే నొప్పి. ఊరివాళ్ళు ఎడ్లబండి మీద తెచ్చి, వాగు పొంగకముందే పోవాలని ఆయన్ను వదిలి వెళ్ళిపోయారు. పక్కన ఎవరూ లేరు. ఇంట్లో కోయభాష, మాతో నాలుగు తెలుగు మాటలు. ఏమడిగినా, "మంచిగనే ఉన్న" అనేవాడు. పైకప్పు పెంకులు చూస్తూ పడుకునేవాడు. ఆయన అంకె మా తమ్ముడి అంకెలో సగం కూడా లేదు.

నేను సెలవు పెట్టి తమ్ముడి దగ్గర కూర్చున్నాను. మా అమ్మ ఊరి నుంచి వచ్చి మంచం పక్కన నేల మీద చాప వేసుకుంది. డాక్టరమ్మ వచ్చి, పెదాలు కదిలించి, వెళ్ళిపోబోతుంటే వెంటపడ్డాను.

"మేడం, మా తమ్మునికి ఎట్లుంటది?"

"మొదటిరోజు నన్నడగొద్దండీ."

"నేను సిస్టర్‌ని మేడం. బయటిదాన్ని గాదు."

"మీకైనా అంతే సిస్టర్. తెలియంది ఎలా చెప్పను?"

రెండోరోజు పొద్దున జీపు డ్రైవర్ వచ్చాడు. దారిలో వాగు పెరుగుతుంది, పోతే మధ్యాహ్నం లోపల పోవాలి, పోయిన జీపు వాన తగ్గేదాకా తిరిగి రాదు అన్నాడు. జీపులో సెలైన్ వేలాడగట్టి పడుకోబెడితే ఒక్కరికే చోటు. ఆమె చెప్పే ఎల్లుండి దాకా ఆగడానికి లేదు. ఆ పొద్దే ఇద్దరిలో ఒకరిని తేల్చాలి.

ఆమె రౌండుకు వచ్చింది. మా తమ్ముడి మంచం కింద గిన్నె లాగి చూసింది. ఖాళీ. పెద్దాయన గిన్నెలో కొంచెం ఉంది. మా తమ్ముడి వైపు చూసి నెమ్మదిగా అన్నది. "మూత్రం ఆగినట్టుంది సిస్టర్. మీ తమ్ముణ్ణి పంపుదాం."

మూత్రం ఆగిందంటే కిడ్నీలు పోతున్నట్టేనని నాకు తెలుసు. అయినా జీపు మాకొచ్చింది కదా అని ఒక ధైర్యం. అమ్మను నిలదీశాను.

"ఏమే, గీ గిన్నె ఎవరన్న ముట్టుకున్నరా?"

"నాకేం పనే? నేనెందుకు ముట్టుకుంట?" అని అమ్మ మొహం తిప్పుకుంది.

నేను బట్టలు సర్దుతున్నాను. డాక్టరమ్మ ల్యాబ్‌కు పోయి మీ తాతతో ఇద్దరి రక్తం మళ్ళీ తిప్పించింది. తిరిగొచ్చి తమ్ముణ్ణి నాలుక చాపమన్నది. చూసింది. తడిగానే ఉంది. మళ్ళీ చాపమన్నది. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మా అమ్మ చాప మీద కూర్చుంది. అమ్మ కంగారుగా లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మా, ఇంట్లో మీరు గిన్నెలు దేంతో తోముతారండీ?"

"బూడిదతోని బిడ్డా."

"అందుకే. ఈ వార్డులో ఇంత తళతళలాడే గిన్నె నేను చూళ్ళేదు."

మా అమ్మ మొహం వెలిగిపోయింది. "మరి! నేనే తోమిన. పొద్దుగాల నిండుగుండె. నువ్వొస్తున్నవని చెప్పిన్రు. అంత పెద్ద డాక్టరమ్మ వస్తుంటే మంచం కింద గా గలీజేందని పారబోసి, బూడిదేసి కడిగిన. తెల్లారంగ ఒకపారి కూడ పారబోసిన."

మా దగ్గర అది అలవాటే బిడ్డా. డాక్టర్ రౌండుకు వస్తున్నాడంటే ఇంటికి చుట్టం వస్తున్నట్టు మంచాల కిందంతా ఊడ్చి పారబోసేవాళ్ళు. కొలవాలి, ముట్టుకోవద్దు అని చెప్పినా, ఎదురుగా మంచినవ్వు నవ్వే మనిషి కోసం శుభ్రం చెయ్యకుండా ఉండలేకపోయేవాళ్ళు. పెద్దాయన పక్కన ఎవరూ లేరు కాబట్టి ఆయన గిన్నె ఎవరూ ముట్టుకోలేదు. అంటే ఆ అడుగున కనిపించిన కొంచెమే ఆయనకు నిన్నటినుంచి వచ్చినదంతా.

డాక్టరమ్మ లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో. "ఎలా ఉందండీ?" "మంచిగనే ఉన్న" అన్నాడాయన, మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటూ. ఆమె డ్రైవర్‌ను పిలిచి ఆయన్ను ఎక్కించమన్నది.

నేను వరండాలో అడ్డం నిలబడ్డాను.

"జీపు మా తమ్మునికన్నరు గద మేడం!"

"అన్నాను సిస్టర్. ఇప్పుడు మారింది."

"వాని అరుపులు మీకు వినొస్తలేవా? ఆయన గమ్మునున్నడు గద!"

"ఆయనకి అరిచే ఓపిక ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేదండీ. రక్తం నిన్నటికంటే చిక్కబడింది. ఊపిరి చూడండి."

"కిరాణాకొట్టామెకు గూడ తగ్గిపోతదనే అన్నరు."

అన్నాను. అనాల్సిందే, నా తమ్ముడు వాడు. ఆమె, "అవును, అన్నాను" అన్నది. నా పక్కనుంచి నడిచిపోయి జీపు వెనక తలుపు తనే తెరిచింది.

జీపు పోయింది. మా అమ్మ నోరు తెరిచి ఏడుస్తుంది. గిన్నె మాట తను బయటపెట్టడం వల్లే జీపు తప్పిందని ఆమెకు అప్పటికి అర్థమైంది. తమ్ముడు అరుపు ఆపి నన్ను పిలిచాడు.

"అక్కా, జీపు పోయిందా?"

"పోయిందిరా."

"అయితే నేను బతికినట్టా, సచ్చినట్టా?"

"నోర్ముయ్యి."

"నేను మూసుకుంటే నువ్వే భయపడతవ్" అని మళ్ళీ అరుపు అందుకున్నాడు.

నేను వాడి దగ్గరనుంచి కదల్లేదు. గిన్నె ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని అమ్మకు చెప్పాను. ఊపిరి లెక్కపెట్టాను, నా పెదాలు కదిలినా ఎవరూ నీళ్ళు తాగమనలేదు. నాలుక చూశాను. గిన్నె కొలిచాను. వాడు కాస్త కునుకు తీసినా లేపి చూశాను. డాక్టరమ్మ గంటగంటకూ వచ్చేది. నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె అడిగినవి చెప్పాను, అంతే. నేను చెప్పినవి విని తలూపి, మళ్ళీ తను చూడకుండానే వెళ్ళిపోయేది. అది కూడా నాకు మండింది. నా తమ్ముడంటే అంత అలుసా అనుకున్నాను.

వాన తగ్గిన రోజు వాడు గోడవైపు తిరిగి, ఎవరితోనో చెప్తున్నట్టు, "ఆకలైతుందే" అన్నాడు. నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. బయటికి వచ్చేసరికి మా అమ్మ ఆ డాక్టరమ్మ చేతులు రెండూ కళ్ళకద్దుకుంటూ ఉంది. తమ్ముడు, "డాక్టరమ్మ దయ" అంటున్నాడు. మీ తాత పక్కన చేతులు కట్టుకుని నిలబడి తలూపుతున్నాడు. నా మొత్తం కుటుంబం ఆమె చుట్టూ! అమ్మ నావైపు తిరిగి ఏమన్నదో తెలుసా? "నువ్వు గూడ డాక్టరే సదివితే గిట్ల ఉందువు గదనే." నిద్రలేక కళ్ళు పుండ్లయింది నేను. కళ్ళకద్దుకున్నది ఆమె చేతులు.

పినపాక పెద్దాయన చాలా రోజులు వరంగల్‌లో ఉన్నాడు. కిడ్నీలు మూలపడి, మళ్ళీ తేరుకుని, కట్టెపుల్లలాగ తిరిగొచ్చాడు. దండం పెడతాడనుకుంటే దెబ్బలాటకు దిగాడు. "నన్నెందుకంత దూరం తోలినవ్ డాక్టరమ్మా? ఆడ ముక్కుల గొట్టాలు, మూతికి బువ్వ లేదు, నా బాస మాట్లాడేటోడు ఒక్కడు లేడు. నేను మంచిగనే ఉన్నంటి గద!" ఆమె తప్పయిపోయిందండీ అని నవ్వుతుంటే ఆయనకు ఇంకా కోపం వచ్చింది. ఆ ఒక్కరోజు మాత్రం ఆమెను ఒకరు తిట్టడం నేను కళ్ళారా చూశాను. బాగుండింది.

తర్వాత కొన్నేళ్ళకు వాళ్ళమ్మకు బాగాలేదని ఆమె మా దగ్గర మానేసి వెళ్ళిపోయింది. బస్సు దగ్గరికి సగం ఊరు వచ్చింది. మీ తాత పెట్టె మోశాడు, ఈసారి భుజం గుంజలేదు. నేను కిటికీ దగ్గరకు పోయాను. ఎన్నేళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగేశాను.

"మేడం, ఆ రోజు జీపు మార్చిన్రు గద. మా తమ్మునికి ఏం గాదని మీకు నిజంగ తెలుసా?"

"తెలియదు సిస్టర్. ఆయన జారిపోతున్నాడని తెలుసు. మీ తమ్ముడు జారిపోడని తెలియదు. పొద్దున్న నేననుకున్నది మధ్యాహ్నానికి తప్పయింది, మధ్యాహ్నం అనుకున్నది సాయంత్రానికి తప్పవ్వచ్చు కదండీ."

"మరి మా తమ్ముణ్ణి గట్లెట్ల వదిలేసిన్రు?"

"వదల్లేదు. మీరున్నారుగా. ఏ కాస్త తేడా వచ్చినా నాకంటే ముందు మీరు పట్టుకుంటారని ఉంచాను. మీరు కాక ఇంకెవరైనా అయితే ఉంచేదాన్ని కాదు."

బస్సు కదిలింది.

చూశావా ఆమె పని? తమ్ముడి ప్రాణం అన్ని రోజులు నా చేతుల్లో పెట్టి, నాకు చెప్పలేదు. నేనంటే ఆమెకు అంత నమ్మకమని తెలియక, వాణ్ణి పక్కన పడేసిందని పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. పోనీ అబద్ధమా అంటే ఆ మనిషికి అబద్ధం చేతకాదు. నా గురించి ఎవరూ అనని మంచిమాట, అది కూడా ఆమె నోటినుంచే రావాలా? మీ తాత అనొచ్చు, మా అమ్మ అనొచ్చు. అప్పుడు నేను హాయిగా ఆమెను తిట్టుకుంటూ బతికేదాన్ని. ఆ మాట విన్నాక నాకు కుళ్ళు తగ్గిందనుకున్నావా, ఇంకా పెరిగింది. పోనీ ఆ మాటేదో వరండాలో అన్నా చెప్పొచ్చు కదా! చెప్పుంటే నేను ఆ రోజు ఆమెతో—

"అత్తమ్మా! అన్నం సల్లారిపోతుంది, ఎన్నిసార్లు పిలవాలె? మామయ్య అప్పుడే కూసున్నడు!"

ఆఁ, వస్తున్న వస్తున్న! నువ్వు రాయి, ఇది రాసేసి లే. వరండాలోనే చెప్పుంటే, ఆ కిరాణాకొట్టామె మాట నేను ఎత్తకుండా ఉండేదాన్నని కాదు, కోపంలో అది ఎట్లాగూ ఎత్తుదును, కానీ ఎత్తినాక కనీసం ఆమె చెయ్యి పట్టుకుని, తప్పయింది మేడం అని—